పట్టాకు ఆవల: కళాశాల అధ్యాపకుని సాఫల్యం – చేవెళ్ల, మొయినాబాద్ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కళాశాల అధ్యాపకుని సాఫల్యాన్ని పట్టాలు, ప్రచురణలు, హోదాలు అనే మూడింటితో అంచనా వేయడం నేడు పరిపాటి అయింది. తెలుగువారి కళాశాల విద్యాచరిత్రను గమనిస్తే, ఈ మూడూ లేని కాలంలోనూ, ఇవి చేతికి రాకముందూ సఫలులైన అధ్యాపకులు కనిపిస్తారు. రఘుపతి వేంకటరత్నం నాయుడు, గిడుగు వేంకట రామమూర్తి, ఉస్మానియా విశ్వవిద్యాలయ తెలుగు శాఖ తొలి తరాల ఆచార్యుల కృషి ఆధారంగా ఆ సాఫల్యానికి మూలమైన లక్షణాలను ఈ వ్యాసం గుర్తిస్తుంది. మొదటితరం విద్యార్థులు అధికంగా చేరే చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంత కళాశాలలకు ఆ లక్షణాలు ఎలా అన్వయిస్తాయో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కళాశాల విద్య, అధ్యాపక వృత్తి, చేవెళ్ల, మొయినాబాద్, వేంకటరత్నం నాయుడు, గిడుగు, ఉస్మానియా తెలుగు శాఖ, బోధన మూల్యాంకనం.

1. ప్రవేశిక

తెలుగులో 'పట్టా' అనే మాటకు రెండు అర్థాలు వాడుకలో ఉన్నాయి. భూమిపై హక్కును తెలిపే పత్రం ఒకటి. విశ్వవిద్యాలయం ప్రదానం చేసే యోగ్యతాపత్రం మరొకటి. రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఈ రెండర్థాలూ తరచుగా ఒకే ఇంట్లో కలుసుకుంటాయి. హైదరాబాదు నగరం పడమటికి విస్తరించిన కొద్దీ ఇక్కడి భూమి పట్టాకు విలువ పెరిగింది. అదే కాలంలో ఆ గ్రామాల పిల్లలు డిగ్రీ పట్టా కోసం కళాశాల మెట్లెక్కారు.

తెలంగాణలోని పాత పహాణీల్లో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు వేరొక గడి ఉండేవి. హక్కు ఎవరిదో మొదటిది చెబితే, ఆ నేలను ఎవరు సాగు చేస్తున్నారో రెండవది చెప్పేది. అధ్యాపక వృత్తికి సంబంధించిన నేటి చర్చలో మొదటి గడి మాత్రమే నిండుగా ఉంది. డాక్టరేటు ఉందా, ఎన్ని వ్యాసాలు అచ్చయ్యాయి, ఏ హోదాలో ఉన్నారు అనే ప్రశ్నలకు సమాధానాలు సిద్ధంగా దొరుకుతాయి. తరగతి గదిలో ఏం పండింది అనే ప్రశ్నకు సమాధానం రాసే చోటు తక్కువ. ఆ రెండవ గడిలో ఏముండాలో చరిత్ర ఆధారంగా నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిశోధనను తక్కువ చేయడం ఇక్కడి లక్ష్యం కాదు. బోధన పరిశోధనను ఎలా పుట్టించిందో, పరిశోధన తిరిగి బోధనకు ఎలా ఉపకరించిందో కూడా ఈ పరిశీలనలో భాగమే.

2. చేవెళ్ల – మొయినాబాద్: చదువు చేరిన క్రమం

నిజాం పాలనలో ఈ ప్రాంతం హైదరాబాదు చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా జిల్లాలో భాగం. రాజధానికి ఇంత దగ్గరగా ఉన్నా ఉన్నత విద్య ఇక్కడి గ్రామాలకు చాలాకాలం దూరంగానే ఉండిపోయింది. చదువుకోదలచినవారు నగరానికి వెళ్లక తప్పని కాలమది. మొయినాబాద్ మండలం పెద్దమంగళారంలో 1890లో జన్మించిన కొండా వేంకట రంగారెడ్డి న్యాయవాదిగా, నాయకునిగా ఎదిగింది హైదరాబాదులోనే. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఆంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లా ఆయన పేరుతోనే వ్యవహారంలోకి వచ్చింది.

గ్రామం నుండి నగరానికి చదువుకు వచ్చిన విద్యార్థికి పాఠం కన్నా ముందు కావలసినవి తిండి, నీడ, ఆసరా. హైదరాబాదులో 1918లో స్థాపితమైన రెడ్డి హాస్టల్ వంటి వసతిగృహాలు ఆ అవసరం నుండి పుట్టినవే. సురవరం ప్రతాపరెడ్డి అక్కడి నిర్వహణ బాధ్యతలు చూసిన కాలంలో గ్రంథాలయాన్ని పెంపొందించి, విద్యార్థులకు తెలుగు చదువుపై అభిరుచి కలిగించారు. కళాశాలలో అధ్యాపక పదవి లేకుండానే ఆయన ఒక తరానికి అధ్యాపకునిగా వ్యవహరించారని చెప్పవచ్చు. విద్య కేవలం తరగతి గంటల్లో సాగే పని కాదని ఆ వసతిగృహ చరిత్ర నిరూపిస్తుంది.

1990ల చివరి నుండి పరిస్థితి మారింది. బీజాపూర్ రహదారి వెంట అజీజ్‌నగర్, ఎన్కేపల్లి, చిలుకూరు పరిసరాల్లో ఇంజనీరింగ్ కళాశాలలు వెలిశాయి. చేవెళ్లలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఏర్పడింది. విద్యార్థి కళాశాల ఉన్న చోటికి వలస వెళ్లే దశ పోయి, కళాశాలే విద్యార్థి ఊరి దగ్గరికి వచ్చే దశ మొదలైంది. దీనితో అధ్యాపకుని పని స్వభావమూ మారింది. పూర్వం నగర కళాశాలకు చేరేసరికి గ్రామీణ విద్యార్థి ఎన్నో వడపోతలు దాటి ఉండేవాడు. ఇప్పుడు ఆ వడపోతలు లేకుండా, ఇంట్లో కళాశాల చదువు చూసినవారు లేని విద్యార్థి నేరుగా తరగతిలో కూర్చుంటున్నాడు. అటువంటి విద్యార్థికి పాఠం చెప్పి సఫలులైనవారు తెలుగు విద్యాచరిత్రలో ఎవరు అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది. సమాధానం కోసం శతాబ్దం వెనుకకు, ఈ ప్రాంతానికి చేరువలోనే ఉన్న సికింద్రాబాదు మహబూబ్ కళాశాల వైపు చూడవలసి ఉంటుంది.

3. వేంకటరత్నం నాయుడు: ప్రవేశం కల్పించిన అధ్యాపకుడు

రఘుపతి వేంకటరత్నం నాయుడు (1862–1939) మద్రాసు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లర్ ప్రభావంలో చదివి, ఎం.ఎ. పట్టా పొందారు. బందరు నోబుల్ కళాశాలలో అధ్యాపకునిగా పనిచేసి, 1899లో సికింద్రాబాదు మహబూబ్ కళాశాల ప్రిన్సిపాల్‌గా వచ్చారు. తరువాత కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు వెళ్లి 1919 వరకు ప్రిన్సిపాల్‌గా కొనసాగారు.

నేటి దరఖాస్తు పత్రంలో ఆయన వివరాలు నింపితే పరిశోధన గడిలో రాయదగింది పెద్దగా ఉండదు. ఆయన చెప్పుకోదగ్గ సాహిత్య పరిశోధకుడు కాదు. గ్రంథరచన ఆయన ప్రధాన వ్యాసంగమూ కాదు. అయినప్పటికీ బందరులో ఆయన పాఠం విన్నవారిలో భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు ఉన్నారు. వీరిలో హనుమంతరావు 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనకు మూలపురుషుడు. కృష్ణారావు కృష్ణాపత్రికను దశాబ్దాల పాటు నడిపారు. పట్టాభి 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. ఒకే గురువు శిష్యులు ఒకరు విద్యాసంస్థను, ఒకరు పత్రికను, ఒకరు ఆర్థిక సంస్థను నిలబెట్టడం గమనార్హం. ముగ్గురూ గురువు అడుగుజాడల్లో ఒకే దారిన నడవలేదు. ఎవరి దారి వారు వేసుకున్నారు. శిష్యులను తన ప్రతిరూపాలుగా మలచుకోకపోవడం ఆ బోధనలోని విశిష్టత.

కాకినాడ దశలో ఆయన కృషి మరింత స్పష్టమైన సామాజిక రూపం దాల్చింది. కళాశాలలో బాలికలకు ప్రవేశం కల్పించారు. అస్పృశ్యులుగా పరిగణించిన కులాల విద్యార్థులను చేర్చుకున్నారు. పిఠాపురం రాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు సహకారంతో వారికి వసతిగృహాన్ని, అనాథ బాలలకు శరణాలయాన్ని నిలిపారు. పేద విద్యార్థుల జీతాలకు, భోజనాలకు తన వేతనం నుండి ఖర్చు చేశారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటి కవిపై ఆయన బ్రహ్మసమాజ భావాల ప్రభావం ఆ కళాశాల వాతావరణంలోనే పడింది.

ఇక్కడ కాలక్రమాన్ని గమనించాలి. 'సర్' బిరుదు 1924లో, మద్రాసు విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్ పదవి 1925లో, ఆంధ్ర విశ్వవిద్యాలయ గౌరవ డాక్టరేటు 1927లో లభించాయి. ఈ మూడూ ఆయన 1919లో ప్రిన్సిపాల్ పదవి విడిచిన తరువాత వచ్చినవే. అంటే బిరుదులు ఆయన సాఫల్యానికి కారణాలు కాలేదు. జరిగిపోయిన సాఫల్యాన్ని ఆలస్యంగా గుర్తించిన గుర్తులు మాత్రమే అయ్యాయి. కళాశాలలోకి రాలేనివారిని లోపలికి తేవడం, వచ్చినవారిని మధ్యలో మానకుండా నిలపడం అన్నవి ఆయన సాఫల్యానికి అసలైన ఆధారాలు.

4. గిడుగు: విద్యార్థి భాషను నేర్చిన అధ్యాపకుడు

వేంకటరత్నం నాయుడు ప్రవేశాన్ని సాధ్యం చేస్తే, ప్రవేశించిన విద్యార్థికి పాఠం అర్థం కావడమెలా అన్న ప్రశ్నను గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) ఎదుర్కొన్నారు. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 1880లో ఉపాధ్యాయునిగా చేరి, ఆ విద్యాసంస్థ కళాశాలగా ఎదిగిన తరువాత కళాశాల తరగతులకు బోధించి, 1911లో విరమించారు.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో నివసించే సవరల భాష అప్పటికి లిఖిత సంప్రదాయం లేనిది. గిడుగు ఆ భాష తెలిసినవారిని ఇంట్లో ఉంచుకొని నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆ భాషలో వాచకాలు రాశారు. దశాబ్దాల ఈ శ్రమ ఫలితంగా సవర భాషా వివరణ గ్రంథం 1931లో వెలువడింది. తరువాత నిఘంటువూ సిద్ధమైంది. భాషాశాస్త్రజ్ఞునిగా ఆయనకు లభించిన కీర్తికి ఈ రచనలు ఆధారం. అయితే క్రమం చూస్తే పిల్లలకు చదువు చెప్పాలన్న అవసరం ముందు, పరిశోధన తరువాత వచ్చాయి.

వ్యావహారిక భాషోద్యమం విషయంలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. 1906–07 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల పర్యవేక్షణకు వచ్చిన జె.ఎ. యేట్స్, పుస్తకాల తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ మధ్య ఉన్న దూరాన్ని గురించి ప్రశ్న లేవనెత్తాడు. గిడుగు, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ దానిపై దృష్టి సారించారు. ఈ ముగ్గురూ కళాశాల అధ్యాపకులే కావడం యాదృచ్ఛికం కాదు. విద్యార్థి తెలివి తక్కువవాడు కాడనీ, పాఠం అతనికి పరాయి భాషలో అందుతోందనీ తరగతి గదిలో నిత్యం చూసినవారు వారు. ఇరవయ్యో శతాబ్దపు తెలుగు వచనాన్ని మార్చిన వాదం ఒక బోధనా సమస్య నుండి ఆరంభమైంది.

విద్యార్థిని తన భాష వైపు లాగడానికి ముందు అధ్యాపకుడే విద్యార్థి భాష వద్దకు వెళ్లడం గిడుగు చూపిన పద్ధతి. చదువులో వెనుకబాటు అని ముద్ర వేసే ముందు భాషలో దూరం ఎంత ఉందో కొలిచిన పద్ధతి అది.

5. ఉస్మానియా తెలుగు శాఖ: ఊరిని పాఠ్యంగా మార్చిన పరిశోధన

చేవెళ్ల ప్రాంత కళాశాలలకు మాతృసంస్థ వంటిది ఉస్మానియా విశ్వవిద్యాలయం. 1918 ఫర్మానాతో ఏర్పడి, 1919లో తరగతులు ఆరంభించిన ఈ విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. ఇంట్లో తెలుగు, తరగతిలో ఉర్దూ అన్న స్థితిలో తెలుగు శాఖ పని కేవలం ఒక పాఠ్యాంశాన్ని బోధించడంతో ముగిసేది కాదు. రాయప్రోలు సుబ్బారావు వంటి తొలితరం అధ్యాపకులు అక్కడ తెలుగుకు ఒక విద్యావిషయికమైన గౌరవాన్ని కల్పించారు. వీరి నాటికి తెలుగులో డాక్టరేటు అన్నది అధ్యాపకునికి అర్హతగా లేదు.

ఆ తరువాత ఖండవల్లి లక్ష్మీరంజనం, దివాకర్ల వేంకటావధాని, పల్లా దుర్గయ్య వంటి ఆచార్యుల కాలంలో శాఖ పరిశోధనకు కేంద్రమైంది. లక్ష్మీరంజనం పర్యవేక్షణలో బిరుదురాజు రామరాజు 1950లలో తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. ఉస్మానియా తెలుగు శాఖ నుండి వెలువడిన తొలి డాక్టరేటు ఇదే. విశ్వవిద్యాలయ స్థాయి సాహిత్య అధ్యయనానికి తగదని అప్పటివరకు పలువురు భావించిన గ్రామీణుల పాటను ఈ సిద్ధాంతగ్రంథం పరిశోధన విషయంగా నిలిపింది. దాని బోధనాఫలితం పట్టా కన్నా విలువైనది. ఊరి నుండి వచ్చిన విద్యార్థి తన తల్లి పాడే నాటు పాటను, బతుకమ్మ పాటను తక్కువగా చూడనవసరం లేదన్న ధైర్యం దానితో కలిగింది. రామరాజు అనంతరం ఎందరో విద్యార్థులు తమ తమ ప్రాంతాల జానపద విజ్ఞానాన్ని సేకరించి పరిశోధన చేశారు.

సి. నారాయణరెడ్డి ఉదాహరణ మరొక కోణాన్ని చూపుతుంది. ఉర్దూ మాధ్యమంలో చదివిన ఆయన ఉస్మానియాలో తెలుగు ఎం.ఎ. పూర్తి చేసి, సికింద్రాబాదు ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాలలోనూ నిజాం కళాశాలలోనూ అధ్యాపకునిగా పనిచేస్తూ, 1962లో ఆధునికాంధ్ర కవిత్వంపై డాక్టరేటు పొందారు. బోధన నడుస్తుండగానే సాగిన ఈ పరిశోధన తరువాత ఆధునిక కవిత్వం చదివే విద్యార్థులకు ప్రామాణిక ఆధారంగా నిలిచింది. పరిశోధనకూ బోధనకూ మధ్య వైరుధ్యం సహజమైనది కాదని ఈ రెండు ఉదాహరణలు తెలుపుతాయి. పరిశోధన తిరిగి తరగతికి చేరకపోవడంలోనే ఆ వైరుధ్యం పుడుతుంది.

6. కొలమానాల చరిత్ర

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 1956లో చట్టబద్ధ సంస్థ అయిన తరువాత అధ్యాపక నియామకాలకు, పదోన్నతులకు జాతీయ ప్రమాణాలు క్రమంగా రూపొందాయి. 2010 నిబంధనలు అకడమిక్ పనితీరు సూచికను ప్రవేశపెట్టి, అధ్యాపకుని పనిని అంకెల్లోకి మార్చాయి. ప్రచురణలకు, సదస్సులకు మార్కులు లభించడంతో కళాశాల స్థాయిలోనూ వ్యాసాల సంఖ్య పెంచుకునే తొందర మొదలైంది. 2018 నిబంధనలు కళాశాల అధ్యాపకుల పదోన్నతికి ఆ సూచికను తొలగించి, తరగతులు తీసుకున్న శాతానికి, విద్యార్థి సంబంధ కార్యక్రమాలకు ప్రాధాన్యమిచ్చాయి. అయితే కళాశాలల్లో అసోసియేట్ ప్రొఫెసర్ పదోన్నతికి డాక్టరేటు అవసరం. అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి నెట్, సెట్, స్లెట్ కనీస అర్హతలుగా సరిపోతాయని 2023 సవరణ స్పష్టం చేసింది.

ఈ మార్పులను పరిశీలిస్తే కొలమానం రూపొందించేవారు కూడా ఒకే నిర్ణయంపై నిలవలేకపోయారని తెలుస్తుంది. తరగతుల శాతాన్ని లెక్కించడం ప్రచురణలను లెక్కించడం కన్నా బోధనకు దగ్గరైనదే. అయినా ఎనభై శాతం తరగతులు జరిగాయని హాజరు పుస్తకం చెప్పగలదు; ఆ తరగతుల్లో ఎవరికి ఏం అర్థమైందో అది చెప్పలేదు.

నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు నేరుగా బోధించాలి. ఏడాదికి 30 పని వారాలు అనుకుంటే 480 గంటలు. పదేళ్లకు 4,800 గంటలు. ఈ వృత్తిలో అత్యధిక కాలం ఖర్చయ్యే చోటు తరగతి గదే. వృత్తిజీవితంలో ఇంత పెద్ద భాగానికి దరఖాస్తు పత్రంలో ఒకటి రెండు గడులు మాత్రమే దక్కడం ఆలోచించవలసిన విషయం.

7. చేవెళ్ల – మొయినాబాద్ తరగతి గదికి అన్వయం

పై చరిత్ర నుండి మూడు లక్షణాలు తేలుతున్నాయి: ప్రవేశాన్ని నిలపడం, భాషాదూరాన్ని తగ్గించడం, విద్యార్థి జీవనాన్ని పాఠంతో ముడిపెట్టడం. వీటిని ప్రస్తుత ప్రాంతానికి అన్వయించి చూడవచ్చు.

మొదటిది ప్రవేశం. 2016 నుండి తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 'దోస్త్' ఆన్‌లైన్ విధానంలో జరుగుతున్నాయి. సీటు పొందడం సులభమైంది. చదువులో నిలవడం ఇప్పటికీ కష్టమే. ఈ ప్రాంతంలో పూలు, కూరగాయల సాగు విస్తారం. కోతల రోజుల్లో ఇంటి పనికీ, తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్‌కు సరుకు చేర్చడానికీ చదువుకునే పిల్లల సాయం కావలసివస్తుంది. హాజరు తగ్గిన విద్యార్థి పేరు ఎదుట సున్నా వేయడంతో ఒక అధ్యాపకుని పని ముగుస్తుంది. అతడు ఏ రోజుల్లో, ఎందుకు రాలేదో కనుక్కొని, తప్పిన పాఠాన్ని అందించే మార్గం వెదకడంతో మరొకరి పని మొదలవుతుంది. రికార్డులో ఇద్దరూ సమానులే.

రెండవది భాష. తెలుగు మాధ్యమంలో ఇంటర్ వరకు చదివి డిగ్రీలో ఆంగ్ల మాధ్యమంలోకి వచ్చిన విద్యార్థి స్థితి, ఉర్దూ తరగతిలో కూర్చున్న నాటి ఉస్మానియా తెలుగు విద్యార్థి స్థితికి భిన్నమైనది కాదు. పారిభాషిక పదాన్ని ఆంగ్లంలో ఉంచి, భావాన్ని తెలుగులో విప్పి చెప్పగల వాణిజ్యశాస్త్ర, విజ్ఞానశాస్త్ర అధ్యాపకులు గిడుగు మార్గంలోనే నడుస్తున్నట్లు. ఇది తెలుగు శాఖ ఒక్కదాని బాధ్యత కాదు.

మూడవది స్థానిక జీవనం. 1908 సెప్టెంబరు మూసీ వరదల తరువాత నిర్మితమైన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాల పరీవాహక ప్రాంతం ఈ మండలాల్లో విస్తరించి ఉంది. వాటి రక్షణ కోసం 1996 మార్చి 8న జారీ అయిన జి.ఓ. 111 పరిధిలోని 84 గ్రామాల్లో ఇక్కడివి అనేకం. ఆ ఆంక్షలను తొలగించే దిశగా 2022లో జి.ఓ. 69 వెలువడింది. ఒక్క ఈ అంశం నుండి చరిత్ర అధ్యాపకుడు వరదను, రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు ప్రభుత్వ ఉత్తర్వును, అర్థశాస్త్ర అధ్యాపకుడు భూమి ధరను, రసాయనశాస్త్ర అధ్యాపకుడు నీటి స్వచ్ఛతను బోధించవచ్చు. తెలుగు అధ్యాపకునికి ఇంటి పహాణీయే పాఠ్యపుస్తకం. జమాబందీ, ఖరీఫ్, రబీ వంటి అరబీ, పారసీ మూలపదాలు తెలుగులో ఎలా ఇమిడిపోయాయో విద్యార్థి తన ఇంటి కాగితాల్లోనే చూడగలడు. కళాశాల విద్యా కమిషనరేట్ నిర్వహించే 'జిజ్ఞాస' విద్యార్థి అధ్యయన ప్రాజెక్టులు ఇటువంటి పనికి ఇప్పటికే అవకాశం కల్పిస్తున్నాయి.

ఈ మూడింటికీ ఉమ్మడి షరతు ఒకటుంది: అధ్యాపకుడు అక్కడ కొంతకాలం నిలవాలి. వేంకటరత్నం నాయుడు కాకినాడలో ఒకటిన్నర దశాబ్దం, గిడుగు పర్లాకిమిడిలో మూడు దశాబ్దాలు పనిచేశారు. నేడు అనేక కళాశాలల్లో బోధన ఒప్పంద, అతిథి అధ్యాపకులపై ఆధారపడి సాగుతోంది. వచ్చే ఏడాది ఉంటారో లేదో తెలియని అధ్యాపకునికి మూడేళ్ల డిగ్రీ విద్యార్థిని చివరి వరకు గమనించే వీలుండదు. కాబట్టి సాఫల్యాన్ని కేవలం వ్యక్తి గుణంగా చూసి, నిలకడ కల్పించవలసిన వ్యవస్థ బాధ్యతను మరచిపోవడం సరికాదు. వేంకటరత్నం నాయుడి వెనుక పిఠాపురం సంస్థానం ఆదరణ ఉందన్న విషయాన్నీ విస్మరించరాదు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• తెలుగు నేలపై కళాశాల బోధనకు ప్రతిష్ఠ తెచ్చిన తొలితరం అధ్యాపకుల సాఫల్యానికి డాక్టరేటు ఆధారం కాదు. వేంకటరత్నం నాయుడి విషయంలో 'సర్' బిరుదు, గౌరవ పట్టా బోధన ముగిసిన తరువాతే లభించాయి.

• గిడుగు, రామరాజుల పరిశోధన విద్యార్థికి, అతని సమాజానికి చేరువగా పుట్టింది. అందువల్లనే తిరిగి బోధనకు ఉపకరించింది.

• ప్రవేశించిన విద్యార్థిని నిలపడం, భాషాదూరాన్ని తగ్గించడం, స్థానిక జీవనాన్ని పాఠ్యంగా మార్చడం అనేవి మొదటితరం విద్యార్థులు చదివే కళాశాలల్లో సాఫల్యానికి ప్రధాన సూచికలు.

• ఈ పనికి అధ్యాపకుని నిలకడ అవసరం. ఆ నిలకడ నియామక విధానంపై ఆధారపడి ఉంటుంది.

పట్టా లేని సాగుదారుకు హక్కు దక్కకపోవడం అన్యాయం. సాగు లేని పట్టా వల్ల ఊరికి గింజ దక్కదు. చేవెళ్ల, మొయినాబాద్ కళాశాలల్లో పాఠం చెప్పే అధ్యాపకులకు డాక్టరేటు గౌరవమూ ఉండవలసిందే, పదోన్నతీ రావలసిందే. వాటితోపాటు, ఇంట్లో మొదటిసారి కళాశాల గడప తొక్కిన విద్యార్థి మూడేళ్ల తరువాత ఏం నేర్చుకొని బయటికి వెళ్లాడన్న వివరానికీ వారి వృత్తి పత్రంలో ఒక గడి ఉండాలి.